కర్నూలు నుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకు: ఒక్కరోజులో తృప్తిగా చూసి రావడం ఎలా

సెలవులు దగ్గరపడితే చాలు, ఇంటి చుట్టుపక్కల వాళ్లు, ఆఫీసులో వాళ్లు, చుట్టాలు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలంటే ఎన్ని గంటలు పడుతుంది?" రెండు గంటల్లో చూసేశాం అనేవాళ్లున్నారు, రెండు రోజులు తిరిగినా అవ్వలేదు అనేవాళ్లున్నారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే అడగాల్సింది ఎన్ని గంటలు అని కాదు, ఎన్ని వస్తువులు అని.

నేను మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా తిప్పాను. కనిపించిన ప్రతి గదిలోకీ వెళ్లాం, ఏదీ వదల్లేదు. రాత్రి తిరుగు బస్సులో మా పాపను "ఏది నచ్చిందమ్మా?" అని అడిగితే "గడియారం" అంది. ఇంకా ఏం చూశావని అడిగితే చాలాసేపు ఆలోచించింది గానీ ఒక్కటి కూడా చెప్పలేకపోయింది. నాకు బాధేసింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఆ రోజు మొత్తంలో మేం కూర్చుని, వేచి ఉండి చూసింది ఆ గడియారం ఒక్కటే. మిగతావన్నీ నడుస్తూ చూశాం. నడుస్తూ చూసినవి ఏవీ మిగల్లేదు.

రెండోసారి ఎనిమిది వస్తువులే అనుకుని వెళ్లాం. అవన్నీ మా పాపకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ పద్ధతినే కింద వరసగా రాస్తున్నాను. మ్యూజియం చరిత్ర జోలికి పోవడం లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది.

## 1. రోజు ఖాయం చేసుకోండి, అన్నిటికంటే ముందు ఇదే

శుక్రవారం మ్యూజియం ఉండదు. ఎంతమందికి చెప్పినా ఈ తప్పు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది. గురువారం రాత్రి హైదరాబాద్‌లో పెళ్లి చూసుకుని, "ఎలాగూ వచ్చాం కదా, పొద్దున్నే మ్యూజియం చూసి పోదాం" అనుకున్న మా ఆదోని చుట్టాలు శుక్రవారం పదిగంటలకు పదకొండు మందితో మూసిన గేటు ముందు నిలబడ్డారు. అక్కడి నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు పోయారు. అదీ శుక్రవారం సెలవే.

మీకు శుక్రవారం తప్ప వేరే రోజు కుదరకపోతే ఆ రోజుకు చార్మినార్, గోల్కొండ పెట్టుకోండి. మ్యూజియం ఇంకోసారికి.

మిగతా రోజుల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. టికెట్ కౌంటర్ మాత్రం అంతకంటే ముందే మూసేస్తారు, కాబట్టి నాలుగింటికి పరిగెత్తుకుంటూ వెళ్లి లాభం లేదు. కొన్ని పండుగలకు, జాతీయ సెలవులకు కూడా మూసి ఉంటుంది. బయలుదేరే ముందు రోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో సెలవులు, టికెట్ ధరలు ఒకసారి చూసుకోండి. నేనిక్కడ ధరలు రాయను, అవి మారుతుంటాయి.

ఆదివారం, రెండో శనివారం జనం బాగా ఉంటారు. డిసెంబరు, జనవరిలో స్కూళ్ల ఎక్స్‌కర్షన్ బస్సులు వరసగా వస్తాయి. పిల్లలు లైనుగా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పోతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ సమయంలో ఏ బొమ్మ ముందూ రెండు నిమిషాలు నిలబడలేరు. మంగళ, బుధ, గురువారాలు మంచివి. ఒక్కరోజు లీవు పెట్టగలిగితే పెట్టండి, ఆ తేడా మీకే తెలుస్తుంది.

## 2. ప్రయాణం: పదింటికి గేటు దగ్గర ఉండాలంటే

కర్నూలు నుంచి హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. బస్సుకు నాలుగు నుంచి ఐదు గంటలు వేసుకోండి. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదింటి బస్సు పట్టుకుంటే సరిపోతుంది. ఏడింటి బస్సెక్కితే దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది, సగం రోజు పోయినట్టే.

బస్సులో వెళ్లేవాళ్లకు ఒక సుఖం ఉంది. మన బస్సులు ఆగే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మూసీ ఒడ్డునే ఉంది, మ్యూజియం అదే మూసీకి దక్షిణం ఒడ్డున దారుల్‌షిఫాలో ఉంది. ఆటోలో నది దాటితే చాలు. ఆటోవాళ్లు చార్మినార్ కూడా చూపిస్తామని బేరం మొదలుపెడతారు, దానికి లొంగకండి. ముందు మ్యూజియం, ఓపికుంటే తర్వాత చార్మినార్.

కడప వాళ్లకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, డోన్, కర్నూలు మీదుగా పొద్దున్నే కాచిగూడ చేరుస్తుంది. అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు నుంచి కాచిగూడకు వచ్చే రాత్రి రైలు చూసుకోండి. సికింద్రాబాద్‌లో దిగితే అక్కడి నుంచి పాతబస్తీకి ఊరంతా దాటి రావాలి, కాచిగూడ చాలా దగ్గర. రాత్రి ప్రయాణం చేసి వచ్చేవాళ్లు స్టేషన్ దగ్గర ఒక గది తీసుకుని స్నానం చేసి, టిఫిన్ తిని, రెండు గంటలు నడుం వాల్చి అప్పుడు వెళ్లండి. నిద్రలేని కళ్లతో మ్యూజియం చూడటం అంటే డబ్బులు పోసి ఆవలించడమే.

సొంత కారులో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. శంషాబాద్ దాటి ఆరాంఘర్ దగ్గరికి రాగానే ఎదురుగా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కనిపిస్తుంది. ఖాళీగా ఉందని దాన్ని ఎక్కితే మెహదీపట్నంలో దిగుతారు, మధ్యలో దిగి పాతబస్తీ వైపు తిరుగుదామంటే గందరగోళమే. ఆరాంఘర్ దగ్గరే జూపార్కు, బహదూర్‌పురా వైపు తిరగాలి. మ్యూజియం చుట్టుపక్కల పార్కింగ్ కోసం తిరిగే టెన్షన్ వద్దనుకుంటే కారు బస చేసిన చోటే వదిలేసి ఆటోలో రండి.

## 3. ఇంట్లోనే కూర్చుని ఎనిమిది వస్తువులు రాసుకోండి

అసలు పని ఇదే. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. భోజనాలయ్యాక అందరూ కూర్చుని, ఒక కాగితం మీద ఎనిమిది వరసలు గీసుకోండి. ఏడు నేను చెబుతాను, ఎనిమిదోది మీది.

1. సంగీత గడియారం. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎంతయితే అన్నిసార్లు గంట కొడుతుంది.
2. ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ.
3. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా. ఒకే కొయ్యలో ముందువైపు మగవాడు, వెనకవైపు ఆడపిల్ల.
4. జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువుల గది. నూర్జహాన్, జహంగీర్‌లవని చెప్పే బాకు, కత్తి, విల్లు లాగేటప్పుడు బొటనవేలికి తొడుక్కునే షాజహాన్ ఉంగరం.
5. టిప్పు సుల్తాన్ దంతపు కుర్చీలు.
6. బిద్రీ సామాను. నల్లటి లోహం మీద వెండి పనితనం.
7. రవివర్మ చిత్రాలు. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద చూసిన దేవతల బొమ్మలకు ఒరవడి ఆయనే. అసలు తైలవర్ణం ఎలా ఉంటుందో దగ్గరగా చూడొచ్చు.

ఎనిమిదోది ఇంట్లో ఒక్కొక్కరు తమకు సంబంధించింది ఎంచుకోవాలి. తుపాకులంటే ఇష్టమున్న కుర్రవాడికి ఆయుధాల గది, చిన్నపిల్లలకు బొమ్మల గది, ఉర్దూ అరబిక్ చదవగలిగిన వాళ్లకు చేతిరాత ఖురాన్‌లు. మాతో పాటు ఒకసారి ఎమ్మిగనూరు నుంచి మగ్గం పని చేసే ఒక పెద్దాయన వచ్చారు. బయలుదేరేటప్పుడు "ఏముంటాదిలేప్పా ఆడ, అన్నీ పాత సామాన్లే కదా" అన్నారు. బట్టల గదిలోకి వెళ్లాక మాత్రం ఒక్క వస్త్రం ముందు వంగి, అద్దానికి ముఖం ఆనించకుండా చేతులు వెనక్కి కట్టుకుని, అంచు ఎక్కడ అతికారో, పోగు ఎన్నో పోగు మీదుగా పోతోందో లెక్కపెడుతూ అరగంట నిలబడ్డారు. ఆయన పక్కన నిలబడి వింటే నాకు తెలిసింది, అంతకుముందు ఆ గదిలో నేను ఏమీ చూడలేదని. చేతిపని తెలిసిన వాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్ల ఎనిమిదో వస్తువును మొదట పెట్టండి, అందరూ వాళ్ల వెంట నిలబడి వినండి.

పిల్లలకు అలవాటు లేకపోతే ముందు మన దగ్గరే ఒక గంట సాధన చేయించొచ్చు. కడప వాళ్లకు భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. కర్నూలు, అనంతపురంలోనూ పురావస్తు శాఖ మ్యూజియంలు ఉన్నాయి. ఒక్క విగ్రహం ముందు పది నిమిషాలు నిలబెట్టి, ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏముంది, ఎక్కడ విరిగింది అని అడగండి. ఆ పది నిమిషాలు వాళ్లు నిలబడగలిగితే హైదరాబాద్‌లో ఇబ్బంది ఉండదు.

## 4. సంచిలో ఏముండాలి

తక్కువ సామాను, అదే సూత్రం. పెద్ద సంచులు లోపలికి పోనివ్వరు, క్లోక్‌రూంలో పెట్టించుకుంటారు. సూట్‌కేసులతో నేరుగా బస్సు దిగి రావద్దు.

☐ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, విద్యార్థులైతే కాలేజీ కార్డు
☐ రాసుకున్న కాగితం, పిల్లలకు ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిల్ (పెన్ను వద్దు)
☐ అలవాటైన మెత్తటి చెప్పులు, కొత్త బూట్లు అసలొద్దు
☐ చదివే కళ్లద్దాలు, వస్తువుల కింద రాసిన అక్షరాలు చిన్నవి
☐ నీళ్ల సీసా, మందులు
☐ చిల్లర నోట్లు
☐ మధ్యాహ్నానికి చిత్రాన్నం కట్టుకుంటే దాన్ని గ్యాలరీల బయటే తినాలి

పొద్దున దారిలో ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తినేసి వస్తే పదకొండింటికి కళ్లు మూతలు పడతాయి. తేలిగ్గా తినండి.

## 5. గేటు దగ్గర పావుగంట

టికెట్ తీసుకునేటప్పుడే ఫొటోల గురించి అడగండి. ఫొటోలకు విడిగా రుసుము ఉంటుంది, తీసుకోకుండా లోపల ఫోను ఎత్తితే సిబ్బంది ఆపుతారు, ఉత్తపుణ్యానికి మాట పడాలి. ఫ్లాష్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. పాత రంగులకు, బట్టలకు, కాగితాలకు వెలుతురే శత్రువు. కొన్ని గదుల్లో దీపాలు మసగ్గా పెట్టేది కూడా అందుకే, కరెంటు పొదుపు కోసం కాదు.

పెద్దవాళ్లుంటే వీల్‌చైర్, లిఫ్ట్ సంగతి ఇక్కడే కనుక్కోండి, పైకి వెళ్లాక కాదు.

లోపల భవనం మూడు భాగాలు. మధ్య భాగంలో ఎక్కువగా భారతదేశపు వస్తువులు, పడమటి భాగంలో యూరప్‌వి, తూర్పు భాగంలో చైనా, జపాన్ లాంటి దేశాలవి. గ్యాలరీలు 35 పైనే. ఈ అంకె చూసి కంగారు పడకండి, మీ కాగితంలో ఉన్నవి ఎనిమిదే. వాటిలో ఏది ఎక్కడుందో సెక్యూరిటీ వాళ్లను అడగండి. "రెబెక్కా ఎక్కడన్నా?" అంటే చాలు, అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. సర్దుబాట్లు జరిగినప్పుడు ఒక గదిని మూసేయడం, వస్తువును మార్చడం మామూలే, కాబట్టి ఎప్పుడో విన్న గది నంబర్లను నమ్ముకోవద్దు.

## 6. లోపల తిరిగే వరస

నేను పాటించేది ఇది.

10:15. నేరుగా రెబెక్కా దగ్గరికి. ఆలస్యమయ్యే కొద్దీ అక్కడ జనం పెరుగుతారు. మొదటి అరగంటలో వెళ్తే ఆమె ముందు మీరే ఉంటారు.

10:45. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా. తర్వాత దారిలో ఉన్న గది ఏదైనా ఒకటి.

11:40. గడియారం దగ్గర చోటు పట్టుకోండి. పన్నెండింటికే ఎందుకంటే అప్పుడు పన్నెండు దెబ్బలు కొడుతుంది. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది, పిల్లలు "అంతేనా?" అంటారు. బొమ్మ గంటకు కాస్త ముందే బయటికొస్తుంది, కాబట్టి సరిగ్గా పన్నెండుకు చేరుకుంటే సగం పోయినట్టే. వేచి ఉండే ఆ ఇరవై నిమిషాలు వృథా అనుకోకండి. సుత్తితో సెకను సెకనుకూ కొట్టే కమ్మరి బొమ్మను చూపించండి. కాళ్లకు విశ్రాంతి కూడా దొరుకుతుంది.

12:15 నుంచి 1:15. భోజనం. దీన్ని మాత్రం వాయిదా వేయకండి. "ఇంకో రెండు గదులు చూసి తిందాం" అన్న దగ్గరే పిల్లల ఏడుపు, పెద్దల విసుగు మొదలవుతాయి.

1:15 నుంచి 3:00. జేడ్, టిప్పు కుర్చీలు, బిద్రీ, రవివర్మ. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కలిపి చూడండి, నేను రాసిన వరసే ఉండాలని లేదు.

3:00 నుంచి 4:00. ఎవరి ఎనిమిదో వస్తువు వాళ్లది. పిల్లలు పెద్దవాళ్లయితే విడిపోయి, నాలుగింటికి గడియారం దగ్గర కలుద్దాం అని చెప్పుకోండి. నాలుగు దెబ్బలు మళ్లీ వినొచ్చు.

## 7. ఒక వస్తువును చూడటం అంటే ఏం చేయాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బొమ్మ ముందు నిలబడతారు, పేరు చదువుతారు, ఫొటో తీస్తారు, ముందుకు పోతారు. మొత్తం ఇరవై సెకన్లు. కనీసం ఐదు నిమిషాలు నిలబడటానికి నేను చేసేది చెబుతాను.

ముందు పేరు చదవను. చూస్తాను. తర్వాత పక్కకు నడుస్తాను. ఆ తర్వాతే చదువుతాను. చివరగా ఫొటో, అదీ కావాలనిపిస్తేనే.

మార్గరెట్టా దగ్గర. మొదట ముందువైపు నిలబడండి. మెఫిస్టోఫిలిస్ అంటే ఒక జర్మన్ కథలోని దెయ్యం. గడ్డం ఎత్తి, ఎవరినీ లెక్కచేయనట్టు నిలబడి ఉంటాడు. ఆ పొగరు కాస్త మనసుకు పట్టాక వెనకున్న అద్దంలోకి చూడండి. తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న ఆడపిల్ల కనిపిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగి "అబ్బ, ఏం పనితనం" అని వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. ఒక పక్కకు వచ్చి నిలబడండి, సరిగ్గా పక్కకు. వాడి భుజం ఎక్కడ అయిపోయింది, ఆమె వీపు ముసుగు ఎక్కడ మొదలైందో వెతకండి. రెండూ కలిపి ఉన్నది ఒకే సికమోర్ కొయ్య దుంగ. వాడి నిటారుతనం, ఆమె వంగిన తల, రెండిటికీ చోటు ఆ ఒక్క మందంలోనే దొరకాలి. మా పాప రెండోసారి వెళ్లినప్పుడు అక్కడే నేలమీద కూర్చుని అద్దంలో కనిపించే చేతులు మాత్రమే గీసింది. వేళ్లు సరిగ్గా రాలేదని రబ్బరుతో మూడుసార్లు చెరిపింది. ఆ చెరిపినంతసేపూ అది ఆ చేతుల్ని చూస్తూనే ఉంది.

రెబెక్కా దగ్గర. ముఖం మీద పలచటి ముసుగు, లోపలి కన్ను, ముక్కు, పెదవి అన్నీ కనిపిస్తాయి. నిజానికి ముసుగు లేదు, ముఖమూ విడిగా లేదు, అంతా ఒకే పాలరాయి. ఈ మాట అందరికీ తెలుసు, అయినా నమ్మకం కలగాలంటే ఒక పని చేయండి. ఒంటి మీది మందపాటి వస్త్రం మడతల్ని, ముఖం మీది ముసుగు మడతల్ని ఒకదాని తర్వాత ఒకటి చూడండి. ఒకటి బరువుగా వేలాడుతుంది, ఇంకొకటి తడిసిన పలచటి బట్టలా అంటుకుని ఉంటుంది. ఒకే రాయి రెండు రకాల బట్టగా ఎలా మారిందో అప్పుడు కంటికి అందుతుంది. పెళ్లిచూపుల్లాంటి ఘట్టం అది, కాబోయే భర్త ఇసాకును దూరం నుంచి చూసి ఆమె ముసుగు వేసుకుందని బైబిల్ కథ. మన ఆడవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు, మా అమ్మ చూడగానే "పెళ్లికూతురు" అంది.

జేడ్ గదిలో. వస్తువులు చిన్నవి, అద్దాల పెట్టెల్లో ఉంటాయి, దీపాల మెరుపు అద్దం మీద పడి అడ్డొస్తుంది. ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా నిలబడి, కంటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకోండి. అద్దాన్ని ముట్టుకోకుండానే లోపలిది తేటగా కనిపిస్తుంది. రాయిలోంచి వెలుతురు ఎంతవరకు దూరుతోందో చూడండి, జేడ్ అందం అక్కడే ఉంది. ఢిల్లీ సుల్తాను ఇల్‌టుట్‌మిష్ పేరున్న పుస్తకం పీట కూడా ఈ గదిలోదే, దాని మీద తేదీ మన లెక్కలో 1209-10కి వస్తుంది. బాకు, కత్తి దగ్గర గుంపుగా నిలబడినవాళ్లు దీన్ని దాటుకుని పోతుంటారు.

టిప్పు కుర్చీల దగ్గర. ఫ్రాన్స్ రాజు 16వ లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపిన కానుకలని చెబుతారు. వీటి ముందు రాయలసీమ వాళ్లకు చెప్పుకోవడానికి ఒక కథ ఉంది. టిప్పుతో జరిగిన యుద్ధాల తర్వాత 1792లో, 1799లో మన ప్రాంతపు భూములు నిజాం చేతికొచ్చాయి, 1800లో నిజాం వాటిని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది. కర్నూలు మాత్రం 1839 దాకా తన నవాబు కిందే ఉంది. టిప్పు కుర్చీలు నిజాం దివాను (ప్రధాన మంత్రి) సాలార్‌జంగ్ ఇంటి వస్తువుల్లో కనిపిస్తుంటే పిల్లలకు ఈ పాఠం రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు, పరీక్షల్లో కూడా మరిచిపోరు.

బిద్రీ దగ్గర. ఆ తెల్లటి గీతలు రంగు కాదు. జింకు, రాగి కలిపిన లోహంలో గాడి చెక్కి, అందులో వెండి తీగనో రేకునో కొట్టి దిగ్గొడతారు. తర్వాత బీదర్ కోట మట్టితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిసి చూస్తే హుక్కా కుండ మీది ప్రతి పువ్వూ వేరుగా కనిపిస్తుంది.

## 8. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

ఆరేళ్లలోపు పిల్లలకు ఎనిమిది ఎక్కువ, మూడు చాలు: గడియారం, బొమ్మల గది, ఆయుధాలు. ఆ వయసు పిల్లలు గంటన్నరకు మించి ఉండలేరు, బలవంతం చేస్తే మ్యూజియం అంటేనే భయపడతారు. ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులు వేసుకోండి, ఒకరు పిల్లలతో బయట, ఒకరు లోపల.

అవ్వలు, తాతలు ఉంటే కుర్చీ కనిపించిన ప్రతిచోటా కూర్చోబెట్టండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. "నాకేం నొప్పుల్లేవులే నాయనా, మీరు నడవండి" అంటారు, రాత్రికి మోకాళ్లకు మందు రాసుకుంటారు.

అద్దాల పెట్టెలు పెద్దవాళ్ల ఎత్తుకు ఉంటాయి. పిల్లల్ని ఎత్తుకోండి, లేదా మీరే వంగి వాళ్ల కంటి ఎత్తు నుంచి ఏం కనిపిస్తోందో చూడండి. ఒక్కోసారి వాళ్లకు కనిపించేది పెట్టె చెక్క మాత్రమే.

## 9. తరచుగా జరిగే తప్పులు, అక్కడికక్కడే సర్దుకునే దారులు

ఆలస్యంగా చేరుకున్నారు, రెండు గంటలే ఉన్నాయి. రెబెక్కా, మార్గరెట్టా, వచ్చే గంటకు గడియారం. ఈ మూడే. మిగతా గదుల తలుపులు చూసి ఆశపడొద్దు.

రెబెక్కా చుట్టూ గుంపు ఉంది. అక్కడ తోసుకోకండి. స్కూలు బ్యాచ్‌లు పది నిమిషాల్లో కదిలిపోతాయి. పక్క గది చూసి రండి.

గ్రూపులో ఒకరు తప్పిపోయారు. లోపల కొన్ని చోట్ల సిగ్నల్ సరిగ్గా ఉండకపోవచ్చు, ఫోన్లను నమ్ముకోవద్దు. లోపలికి అడుగు పెట్టేటప్పుడే "తప్పిపోతే గడియారం దగ్గరికి రావాలి" అని చెప్పండి, పిల్లలతో ఒకసారి పలికించండి.

మధ్యాహ్నం తర్వాత ఏదీ తలకెక్కడం లేదు. అది మీ లోపం కాదు, కళ్లు అలసిపోయాయి. పావుగంట ఆరుబయట కూర్చుని టీ తాగి వచ్చి, జాబితాలోంచి రెండు కొట్టేయండి. ఎనిమిదిలో ఆరు బాగా చూస్తే చాలు.

అన్నీ ఫొటోలు తీసుకున్నారు, ఏదీ చూడలేదు. ఫోను ఒకరి దగ్గరే ఉంచండి. ఆ రోజుకు ఫొటోగ్రాఫర్ ఒక్కరే, మిగతావాళ్ల ఫోన్లు సంచిలో.

మీరు చూడాలనుకున్న గది మూసి ఉంది. మర్యాదగా అడిగి, ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి. తెరవకపోతే దాని బదులు ఇంకొకటి. ఇందుకే కాగితం వెనక రెండు అదనపు పేర్లు రాసుకోవాలి.

ఇదే పద్ధతి ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంకు కూడా పనికొస్తుంది. అక్కడ సెలవు సోమవారం. మొహెంజొదారో నాట్యకత్తెను చూడాలని అంత దూరం పోయినవాళ్లు ఆమెను దాటిపోవడం మామూలే, ఎందుకంటే పుస్తకంలో పేజీ నిండా కనిపించే ఆ కంచు బొమ్మ అసలు ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. ఎంత ఉంటుందో ముందే పిల్లలకు స్కేలు మీద చూపించి తీసుకెళ్లండి.

## 10. బయటికొచ్చాక

నాలుగున్నరకల్లా బయటపడండి. చార్మినార్ చూడాలంటే ఇప్పుడు, దగ్గరే. కానీ రంజాన్ నెలలో సాయంత్రం అటు వెళ్తే తిరిగి ఎంజీబీఎస్ చేరడానికి చాలా సమయం పట్టొచ్చు, బస్సు రిజర్వేషన్ దాన్ని బట్టి చేసుకోండి.

బస్సులో పిల్లలు నిద్రపోకముందే ఒక పని చేయించండి. కాగితం చూడకుండా ఎవరికి ఏం గుర్తుందో ఒక్కొక్కరూ చెప్పాలి, మిగతావాళ్లు సరిచేయాలి. మార్గరెట్టా చేతిలో ఏముంది? షాజహాన్ ఉంగరం ఏ వేలికి? బొమ్మ ఎన్నిసార్లు కొట్టింది? షాద్‌నగర్ వచ్చేదాకా ఈ గొడవ సాగుతుంది.

ఆ కాగితం పారేయకండి. చూడకుండా మిగిలినవి దాని వెనక రాసి, బీరువాలో పెట్టుకోండి. మా కాగితం వెనక ఇప్పుడు మూడున్నాయి: తూర్పు భాగంలో చైనా పింగాణీ, గడియారాల గది, యాకూత్ అనే పేరుమోసిన లేఖకుడు రాసిన, మొఘల్ చక్రవర్తుల ముద్రలున్న చేతిరాత ఖురాన్. సంక్రాంతి సెలవుల్లో ఒక బుధవారం చూసుకుని వెళ్తున్నాం.